రెండు వారాల శిక్షణ... పల్లెకు ప్రాణాధారం కావాలంటే!

వైద్య విద్యార్థులను ఇంటర్వెన్షనల్ రేడియాలజీకి ముందే సన్నద్ధం చేయాలి

నర్మెట్ట: జనగామ జిల్లా ప్రజల చిరకాల వాంఛ అయిన ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబర్ 15న ప్రారంభమైన సంగతి తెలిసిందే. ఆ రోజున రాష్ట్రంలో ఒకేసారి తొమ్మిది కళాశాలలు మొదలయ్యాయి. వాటిలో జనగామతో పాటు భూపాలపల్లి కూడా ఉంది. మహబూబాబాద్ కళాశాల అంతకు ముందే, 2022 నవంబర్‌లో ప్రారంభమైంది. జనగామలో 100 సీట్లతో చేరిన తొలి బ్యాచ్ విద్యార్థులు ప్రస్తుతం పుస్తకాలతో పాటు వార్డుల్లో రోగుల వద్ద పాఠాలు నేర్చుకునే దశకు చేరుకున్నారు. నాలుగున్నరేళ్ల చదువు ముగించుకుని 2028లో వారు హౌస్ సర్జన్లు కావాల్సి ఉంది. ఆ తరువాత వారిలో కొందరైనా నర్మెట్ట వంటి మండల కేంద్రాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వైద్యాధికారులుగా వస్తారన్నది ప్రజల ఆశ.

ఈ తరుణంలో వైద్య విద్యలో పెద్దగా చర్చకు రాని ఒక అంశంపై దృష్టి సారించాల్సిన అవసరం ఏర్పడింది. అదే ఇంటర్వెన్షనల్ రేడియాలజీ. పేరు నోరు తిరగనిదిగా ఉన్నా పని మాత్రం తేలికగా అర్థమయ్యేదే. అల్ట్రాసౌండ్, సీటీ, ఎక్స్‌రే తెరపై శరీరం లోపలి భాగాలను చూస్తూ, సన్నని సూది, తీగ, గొట్టం సాయంతో పెద్ద కోత లేకుండా చేసే చికిత్స ఇది. ఈ విభాగానికి విద్యార్థి వెళ్లేది కొద్ది రోజులే. ఆ కొద్ది రోజులూ తెర వంక చూసి రావడంతో సరిపెడతాడా, లేక పల్లె రోగికి అక్కరకొచ్చే జ్ఞానంతో తిరిగి వస్తాడా అన్నది అతడు ముందుగా ఎంత సిద్ధపడ్డాడన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.

కాలు నిలిపిన తీగ

ఈ వైద్యానికి ఆరు దశాబ్దాల చరిత్ర ఉంది. 1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ ఒక చిన్న ఉపాయం కనిపెట్టారు. రక్తనాళంలోకి సూది గుచ్చి, దానిగుండా తీగను పంపి, సూదిని తీసేసి, తీగ మీదుగా గొట్టాన్ని లోపలికి జరపడమే ఆ ఉపాయం. నేటికీ ఈ విభాగంలో జరిగే చికిత్సల్లో అత్యధికం దీనిపైనే నిలబడి ఉన్నాయి. గుండె యాంజియోగ్రామ్ చేయించుకున్న వారికి కూడా ఇదే పద్ధతిలో గొట్టం వేస్తారు.

ఆ గొట్టాన్ని రోగం కనిపెట్టడానికే కాక రోగం నయం చేయడానికీ వాడవచ్చని 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు నిరూపించారు. 82 ఏళ్ల వృద్ధురాలి కాలికి రక్తప్రసారం తగ్గి వేళ్లు కుళ్లిపోయాయి. కాలు తీసేయాలని శస్త్రవైద్యులు చెప్పగా ఆమె ససేమిరా అన్నారు. తొడ రక్తనాళంలో ఇరుకైన చోటును డాటర్ గొట్టాలతో వెడల్పు చేశారు. పాదం వెచ్చబడింది, పుండు మానింది. ఆ తరువాత రెండేళ్లకు పైగా, మరణించేంత వరకు ఆమె తన కాళ్లపైనే నడిచారు. ఈ విభాగానికి ఇంటర్వెన్షనల్ రేడియాలజీ అన్న పేరు 1967లో స్థిరపడింది.

అరవై ఏళ్ల నాటి ఈ ఉదంతాన్ని గుర్తు చేయడానికి కారణం ఉంది. నేడు కూడా తెలంగాణ పల్లెల్లో చక్కెర వ్యాధిగ్రస్తుల కాలి పుండ్లు నల్లబడేదాకా కట్లు కట్టించుకుంటూ కాలం వెళ్లదీయడం, చివరకు కాలు తీయించుకోవడం సర్వసాధారణమైంది. వీరిలో అందరి కాళ్లనూ ఈ వైద్యం నిలపలేదు. అయితే రక్తప్రసారం తగ్గిందా లేదా అన్న పరీక్ష కూడా జరగకుండానే కాలు పోగొట్టుకునే పరిస్థితి మాత్రం ఉండకూడదు.

మన ప్రాంతానికి ఏమిటి సంబంధం?

ఇది హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రుల వ్యవహారమని, పల్లె వైద్యుడికి దీనితో పని లేదని చాలామంది భావిస్తుంటారు. వాస్తవం ఇందుకు భిన్నంగా ఉంది.

నర్మెట్ట, తరిగొప్పుల, బచ్చన్నపేట ప్రాంతాల్లో తాటి వనాలు, కల్లు గీత తరతరాల జీవనాధారం. కాలేయంలో చీము గడ్డ ఏర్పడే వ్యాధికి, కల్లు సేవనానికి గల సంబంధంపై దక్షిణ భారతదేశంలోని ఆసుపత్రుల వైద్యులు పలు అధ్యయనాలు ప్రచురించారు. కలుషిత జలమా, మద్యంతో కాలేయం బలహీనపడటమా, పోషకాహార లోపమా అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది. దీనికి గీత వృత్తిని నిందించాల్సిన పని లేదు. వైద్యుడు గుర్తించాల్సింది ఒక్కటే. జ్వరం, కుడివైపు డొక్కలో నొప్పి, ఆకలి మందగించడం వంటి లక్షణాలతో వచ్చిన మధ్య వయస్కుడిని టైఫాయిడ్ అనో, గ్యాస్ అనో వారాల తరబడి తిప్పకూడదు. అల్ట్రాసౌండ్ పరీక్షలో గడ్డ బయటపడుతుంది. చిన్న గడ్డలు చాలావరకు మందులతోనే తగ్గుతాయి. గడ్డ పెద్దదై పగిలే ప్రమాదం ఉన్నప్పుడు స్కానింగులో చూస్తూ సూదితో చీము లాగుతారు, లేదా కొన ముడుచుకుని ఉండే సన్నని గొట్టం అమర్చి బయటకు పారేలా చేస్తారు. ఒకప్పుడు పొట్ట కోసి చేసిన పని నేడు మొద్దుబార్చే ఇంజక్షనుతో పూర్తవుతోంది.

మూత్రపిండంలో రాయి అడ్డుపడి, లోపల చీము పట్టి, చలిజ్వరంతో రక్తపోటు పడిపోతున్న రోగికి ముందు రాయి తీయడం కాదు, నిలిచిన మూత్రానికి దారి చూపడం ముఖ్యం. వీపు వైపు నుంచి మూత్రపిండంలోకి గొట్టం వేసి ఆ దారి ఇవ్వవచ్చు. ప్రసవానంతరం రక్తస్రావం ఆగని తల్లికి, మందులూ ఇతర ఉపాయాలూ పనిచేయనప్పుడు, ఆమె పరిస్థితి తరలింపునకు తట్టుకోగలిగితే గర్భాశయానికి వెళ్లే రక్తనాళాలను లోపలి నుంచే మూసి గర్భసంచిని కాపాడే అవకాశం ఉంది. డయాలసిస్ రోగి చేతిలోని ఫిస్టులా మూసుకుపోతున్నప్పుడు బెలూన్‌తో దాన్ని వెడల్పు చేస్తారు. పక్షవాతం వచ్చిన వారిలో పెద్ద రక్తనాళం మూసుకుపోతే గడ్డను బయటకు లాగే చికిత్స ఉంది. సాధారణంగా ఆరు గంటల్లోపు, కొందరు ఎంపిక చేసిన రోగులకు 24 గంటల వరకు ఇది ఉపయోగపడుతుందని 2018లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధనలు తేల్చాయి.

జనగామ నుంచి వరంగల్ సుమారు 60 కిలోమీటర్లు, హైదరాబాద్ సుమారు 85 కిలోమీటర్లు. నర్మెట్ట మండలంలోని తండాల నుంచి జనగామ చేరడానికే కొంత సమయం పడుతుంది. అంటే ఈ చికిత్స ఎక్కడ జరిగినా, రోగికి అది అందుతుందా లేదా అన్నది నిర్ణయమయ్యేది మాత్రం పల్లెలో మొదటగా నాడి పట్టిన వైద్యుడి వద్దనే.

పాఠ్యప్రణాళికలో చోటు ఉన్నా...

ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో ఈ అంశం లేకపోలేదు. అప్పటి భారత వైద్య మండలి 2018లో ప్రకటించి, 2019లో చేరిన విద్యార్థుల నుంచి అమలు చేసిన సామర్థ్య ఆధారిత విద్యావిధానంలో, సాధారణ వ్యాధుల్లో ఇంటర్వెన్షనల్ రేడియాలజీ పాత్రను వివరించగలగాలని పేర్కొన్నారు. రేడియాలజీకి ఆ నిబంధనలు రెండు వారాల క్లినికల్ పోస్టింగు కేటాయించాయి. ఆ రెండు వారాల్లోనే ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, సీటీ, ఎంఆర్ఐ అన్నీ పరిచయం కావాలి. సూది చికిత్సకు మిగిలేది ఒకటి రెండు రోజులే. ఇది కాక మూడో దశలో విద్యార్థి తనకు నచ్చిన విభాగాన్ని ఎంచుకునే ఐచ్ఛిక పోస్టింగు కూడా ఉంది.

ఈ రంగంలో నిపుణులు కావాలంటే ఎంబీబీఎస్ తరువాత మూడేళ్ల ఎండీ రేడియోడయాగ్నసిస్, ఆపై ప్రత్యేక శిక్షణ లేదా మూడేళ్ల డీఎం చదవాలి. దేశంలో ఈ డీఎం సీట్లు కొద్ది సంస్థలకే పరిమితం. కాబట్టి జనగామ కళాశాలలోని వంద మందిలో ఈ నిపుణులయ్యేది ఒకరో ఇద్దరో ఉంటారనుకోవచ్చు. మిగిలిన వారు వైద్యాధికారులుగా, పిల్లల వైద్యులుగా, శస్త్రవైద్యులుగా స్థిరపడతారు. వీరికి గొట్టం వేయడం రాకున్నా నష్టం లేదు. ఏ రోగికి గొట్టం అవసరమో, ఎప్పటిలోగా అవసరమో తెలియకపోతేనే నష్టం. శిక్షణ లక్ష్యం కూడా ఇదే కావాలి.

వెళ్లకముందు చదవాల్సింది

పోస్టింగుకు వారం ముందు నుంచైనా విద్యార్థి మూడు విషయాలను నెమరువేసుకోవాల్సి ఉంటుంది.

మొదటిది శరీర నిర్మాణం. మొదటి సంవత్సరంలో కంఠస్థం చేసి మరచిన రక్తనాళాల పటమే ఇక్కడ దారి చూపే మ్యాపు. గజ్జల్లో నరం, ధమని, సిర ఏ వరుసలో ఉంటాయి, తొడ ఎముక తలకు ఎదురుగానే ధమనిని ఎందుకు గుచ్చాలి, అంతకంటే పైన గుచ్చితే రక్తం కడుపు వెనుక భాగంలోకి చేరి బయటకు కనిపించకుండానే ప్రాణం మీదకు ఎలా వస్తుంది అన్నవి తెలిసి ఉండాలి. మణికట్టు నుంచి గుండె వరకు, గజ్జల నుంచి కాలి వేలి వరకు రక్తం సాగే దారిని కాగితంపై గీయగలిగిన విద్యార్థికి తెరపై కనిపించే నల్లని గీతలు అర్థమవుతాయి. లేనివారికి అవి గీతలుగానే మిగిలిపోతాయి.

రెండోది రోగి కాగితాలు చదవడం. చికిత్సకు ముందు రక్తం గడ్డకట్టే తీరు తెలుసుకోవడం తప్పనిసరి. రక్తస్రావ ప్రమాదం ఎక్కువగా ఉన్న చికిత్సలకు ఐఎన్ఆర్ 1.5 నుంచి 1.8 లోపు, ప్లేట్‌లెట్లు 50 వేలకు పైగా ఉండాలని 2019 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ధమనిలోకి మందు ఎక్కించే ముందు క్రియాటినిన్ చూడాలి. గతంలో అలాంటి మందుకు దద్దుర్లు, ఆయాసం వచ్చాయా అని అడగాలి. రక్తం పలుచబడే మాత్రలు, చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా అన్నది తెలుసుకోవాలి. పల్లె రోగి మాత్రల పేర్లు చెప్పలేడు. ఖాళీ అట్టలనైనా వెంట తెమ్మని చెప్పడం వైద్యుడి బాధ్యత.

మూడోది ఎప్పుడు గుచ్చకూడదో తెలుసుకోవడం. కాలేయంలో గడ్డ కనిపించగానే సూది పట్టడం సరికాదు. గొర్రెలు, కుక్కల మధ్య బతికే వారిలో హైడాటిడ్ అనే పురుగు తిత్తులు ఏర్పడవచ్చు. వాటిని ఆలోచన లేకుండా గుచ్చితే తీవ్రమైన అలర్జీతో ప్రాణాపాయం ఏర్పడుతుంది, పురుగు కడుపంతా వ్యాపిస్తుంది. గొర్రెల పెంపకం విస్తారంగా ఉన్న ప్రాంతంలో చదువుకునే విద్యార్థికి ఇది మొదటి పాఠం కావాలి.

చేతికి అలవాటు ఎలా?

తెరపై చూస్తూ చేతిని కదిలించడం ఒక్క రోజులో అబ్బే విద్య కాదు. రోగిపై నేర్చుకోవడం భావ్యమూ కాదు. ఇందుకు లక్షల రూపాయల బొమ్మలే అక్కర్లేదు. జెలటిన్‌ను నీటిలో ఉడికించి, గిన్నెలో గడ్డకట్టించి, మధ్యలో ద్రాక్షపండు ఉంచితే అల్ట్రాసౌండ్‌లో అది చిన్న తిత్తిలా కనిపిస్తుంది. సూదిమొనను తెరపై కోల్పోకుండా ఆ పండు దాకా తీసుకెళ్లడం అభ్యసించవచ్చు. ప్రపంచవ్యాప్తంగా వైద్య కళాశాలల్లో ఈ చవక పద్ధతి వాడుకలో ఉంది. తీగ, గొట్టం వాడకాన్ని కూడా ప్లాస్టిక్ పైపులతో నేర్పవచ్చు. ఒక పాత అల్ట్రాసౌండ్ యంత్రం, ఆసక్తి ఉన్న ఒక అధ్యాపకుడు ఉంటే చాలు. అయితే గర్భస్థ పిండ లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ప్రతి స్కానింగు యంత్రం నమోదై ఉండాలి, వినియోగం నిబంధనలకు లోబడే జరగాలి. ఈ చట్టం గురించి విద్యార్థికి యంత్రం తాకకముందే చెప్పడం మంచిది.

గదిలో అడుగు పెట్టాక...

ఎక్స్‌రే వాడే గదిలో కంటికి కనిపించని ప్రమాదం ఉంటుంది. సమయం తగ్గించడం, దూరం పాటించడం, అడ్డు ఉంచడం అన్న మూడు సూత్రాలు ప్రతి విద్యార్థికీ కరతలామలకం కావాలి. కిరణాలు వెలువడే చోటు నుంచి దూరం రెట్టింపైతే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. రెండడుగులు వెనక్కి వేయడం కూడా రక్షణేనన్నమాట. సీసపు ఆప్రాన్, మెడకు కవచం లేకుండా లోపలికి వెళ్లరాదు. గదిలో ఎక్కువ కిరణాలు వెదజల్లేది యంత్రం కాదు, కిరణాలు తగిలిన రోగి శరీరమే అన్న విషయం చాలామందికి తెలియదు. కాబట్టి ఎక్స్‌రే గొట్టం ఉన్న వైపున, రోగికి ఆనుకుని నిలబడటం మంచిది కాదు. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం నిత్యం ఇక్కడ పనిచేసే సిబ్బంది కిరణాల మోతాదు నమోదయ్యే బ్యాడ్జీ ధరించాలి. గర్భవతి అయిన విద్యార్థిని ముందే అధ్యాపకులకు తెలియజేస్తే ఆమెకు అల్ట్రాసౌండ్ విభాగంలో శిక్షణ ఇవ్వవచ్చు.

శుభ్రత విషయంలోనూ జాగ్రత్త అవసరం. తీగ పొడవుగా ఉంటుంది, కొస చేజారి కింద తగిలిందంటే దాన్ని పక్కన పడేయాల్సిందే. ఆకుపచ్చ బట్ట పరిచిన బల్లను చేతులు కడుక్కోని వారు తాకరాదు. విద్యార్థి నిలబడే చోటును, తాకదగిన వాటిని మొదటి రోజే సిస్టరును అడిగి తెలుసుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

ఇక గమనించాల్సింది సూది ఒక్కటే కాదు. ఆ రోగి ఎక్కడి నుంచి వచ్చాడు, నొప్పి మొదలైన రోజుకూ ఈ బల్ల మీదకు వచ్చిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు గడిచాయి, మధ్యలో ఎంతమంది చేతులు మారాడు అన్న వివరాలు రాసుకోవాలి. పది మంది రోగుల కథలు ఇలా నమోదు చేస్తే జాప్యం ఎక్కడ జరుగుతోందో విద్యార్థికి తనంతట తానే బోధపడుతుంది. భవిష్యత్తులో తాను కూర్చోబోయే కుర్చీ వద్దే ఆ జాప్యం మొదలైందని అర్థమైన రోజు ఈ పోస్టింగు సార్థకమైనట్లే.

అంగీకారపత్రం అంటే వేలిముద్ర కాదు

చికిత్సకు రోగి సమ్మతి తీసుకోవడం విద్యార్థి నేర్వాల్సిన మరో ముఖ్య విషయం. 2008 జనవరిలో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమై స్పష్టమైన తీర్పు ఇచ్చింది. చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు, చికిత్స నిరాకరిస్తే కలిగే పరిణామాలు రోగికి తగినంతగా చెప్పిన తరువాత తీసుకున్నదే నిజమైన సమ్మతి అని పేర్కొంది. ఒక పరీక్షకు ఇచ్చిన అంగీకారం మరో శస్త్రచికిత్సకు వర్తించదని కూడా తేల్చిచెప్పింది.

ఆంగ్లంలో అచ్చువేసిన కాగితంపై ఆఖరు నిమిషంలో వేలిముద్ర వేయించడం ఈ తీర్పు స్ఫూర్తికి అనుగుణం కాదు. నర్మెట్ట మండలంలో లంబాడీ తండాలు ఉన్నాయి. అక్కడి వృద్ధులకు తెలుగు కంటే తమ గోర్ భాషే దగ్గర. "నీ కాలి రక్తం పోయే దారి ఇరుకైంది, సూదితో ఆ దారి వెడల్పు చేస్తాం, కొందరికి మళ్లీ మూసుకుపోవచ్చు, అప్పుడు మళ్లీ చేయాల్సి రావచ్చు" అని ఇంటి భాషలో చెప్పగలగడం కూడా విద్యే. కత్తి పెట్టరు కాబట్టి ప్రమాదమే లేదని చెప్పడం అబద్ధం. కాలు పోతుందని భయపెట్టి సంతకం తీసుకోవడం అన్యాయం. ఈ రెండింటి మధ్య నిజం చెప్పే తీరును విద్యార్థులు జంటలుగా, ఒకరు రోగిగా మరొకరు వైద్యుడిగా అభ్యసించాలి. దీనికి యంత్రాలతో పని లేదు, ఖర్చూ లేదు.

గొట్టంతో ఇల్లు చేరిన రోగి

అన్నింటికంటే నిర్లక్ష్యానికి గురవుతున్నది చికిత్స తరువాతి దశ. పట్నంలో గొట్టం వేయించుకుని, సంచీ వేలాడదీసుకుని రోగి సొంతూరు చేరతాడు. మళ్లీ పట్నం వెళ్లేది వారానికో, రెండు వారాలకో. ఈ మధ్యకాలంలో అతడిని చూసేది స్థానిక వైద్యుడు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలే. గొట్టం మూసుకుపోకుండా వైద్యుడు సూచించిన మేరకు శుభ్రమైన సెలైన్‌తో కడగడం, సంచీని నడుము కంటే కిందికి ఉంచడం, రోజూ ఎంత చీము వస్తోందో రాయడం తెలిసి ఉండాలి. చీము ఒక్కసారిగా ఆగి జ్వరం మొదలైందంటే రోగం తగ్గినట్లు కాదు, గొట్టం మూసుకుపోయి ఉండవచ్చు. రక్తం కనిపించినా, గొట్టం బయటకు జారినా ఆలస్యం చేయరాదు. జారిన గొట్టాన్ని మళ్లీ లోపలికి తోయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

గజ్జల్లో నుంచి చికిత్స చేయించుకున్న వారిలో అక్కడ వాపు, పాదం చల్లబడటం, నడుము నొప్పితో పాటు రక్తపోటు పడిపోవడం ప్రమాద సూచనలు. డయాలసిస్ రోగి ఫిస్టులాపై చేయి ఉంచితే సన్నని కంపనం తెలియాలి. అది ఆగితే ఆ రోజే పంపాలి. ఆ చేతికి బీపీ పట్టీ చుట్టరాదు, రక్తం తీయరాదు. ఈ పాఠాలు నేర్వడానికి విద్యార్థి చికిత్స గదిలో గడిపే గంటల కంటే మరుసటి రోజు వార్డులో గడిపే గంట ఎక్కువ ఉపయోగపడుతుంది.

కళాశాల యాజమాన్యం ఏం చేయాలి?

కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు అధ్యాపకుల కొరతతో సతమతమవుతున్నాయన్నది బహిరంగ సత్యం. లోపాలపై జాతీయ వైద్య కమిషన్ 2025లో రాష్ట్రంలోని పలు ప్రభుత్వ వైద్య కళాశాలలకు నోటీసులు ఇచ్చింది కూడా. ఈ పరిస్థితుల్లో ప్రతి జిల్లాలో ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టును, క్యాథ్‌ల్యాబ్‌ను రేపటికల్లా ఏర్పాటు చేయాలనడం అత్యాశే అవుతుంది. ఉన్న వనరులతోనే చేయదగినవి కొన్ని ఉన్నాయి.

జనగామకు ఒకవైపు వరంగల్ కాకతీయ వైద్య కళాశాల, ఎంజీఎం ఆసుపత్రి ఉన్నాయి. మరోవైపు అదే 163వ జాతీయ రహదారిపై బీబీనగర్ ఎయిమ్స్, ఆపై హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులు ఉన్నాయి. ఇంత అనుకూలమైన చోటు చాలా కొత్త కళాశాలలకు లేదు. విద్యార్థుల ఐచ్ఛిక పోస్టింగులను వీటితో అనుసంధానించే విషయాన్ని వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిశీలించవచ్చు. జనగామ, భూపాలపల్లి, మహబూబాబాద్, ములుగు కళాశాలల విద్యార్థులను బృందాలుగా పంపితే ఒక్కో కళాశాలపై భారం తగ్గుతుంది. వెళ్లే ముందు అరపూట సన్నాహక తరగతి, వచ్చాక తాము చూసిన ఒక రోగి ప్రయాణాన్ని తోటివారికి వివరించే సభ తప్పనిసరి చేస్తే చూసి వచ్చింది మనసులో నిలుస్తుంది.

జిల్లా స్థాయిలోనూ చిన్న ఏర్పాటు ఒకటి అవసరం. కాలి నాడి చూడటం, చేతి బీపీతో చీలమండ బీపీని పోల్చడం వంటి పరీక్షలకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. చేతిలో ఇమిడే డాప్లర్ పరికరం, బీపీ యంత్రం ఉంటే చాలు. ఈ నిష్పత్తి 0.9 కంటే తక్కువగా ఉంటే కాలి రక్తనాళాలు ఇరుకైనట్లు అనుమానించాలి. చక్కెర వ్యాధి ఉన్నవారిలో నాళాలు గట్టిపడి ఈ లెక్క తప్పుదోవ పట్టించే అవకాశం ఉందని కూడా గుర్తుంచుకోవాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక రోజు చక్కెర వ్యాధిగ్రస్తుల చెప్పులు విప్పించి పాదాలు చూసే పనిని హౌస్ సర్జన్లకు అప్పగిస్తే వారికి శిక్షణా అవుతుంది, రోగులకు మేలూ జరుగుతుంది.

ఖర్చు విషయమూ విస్మరించరానిది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్ 9న రాష్ట్ర ప్రభుత్వం 10 లక్షల రూపాయలకు పెంచింది. ఏ చికిత్స పథకం కిందికి వస్తుంది, ఏ ఆసుపత్రిలో లభిస్తుంది అన్నది ఆరోగ్యమిత్ర ద్వారా ముందే కనుక్కుని రోగిని పంపడం వైద్యుడి విధుల్లో భాగం కావాలి. ఈ సమాచారం తెలియక దారిలో అప్పులపాలైన కుటుంబాలకు పల్లెల్లో కొదవ లేదు.

హద్దులూ తెలియాలి

ఈ వైద్యాన్ని సర్వరోగ నివారిణిగా చూడటం కూడా పొరపాటే. కుళ్లు పైకి పాకి, రక్తంలో విషం చేరిన రోగికి కాలు తీయడమే ప్రాణం నిలుపుతుంది. నడిచినప్పుడు మాత్రమే పిక్క నొప్పి పుట్టే వారికి పొగ మానేయడం, క్రమం తప్పని నడక, మందులు ముందు ప్రయత్నించాల్సిన మార్గాలు. అందరికీ స్టెంటు వేయడం వైద్యం కాదు. మంచి శిక్షణ పొందిన విద్యార్థి అవసరమైన వారిని త్వరగా పంపడమే కాదు, అవసరం లేని వారిని అనవసర ఖర్చు నుంచి కాపాడతాడు కూడా.

వైద్య కళాశాల సాధించుకోవడం జిల్లాకు తొలి విజయం. భవనం, సీట్ల లెక్కతో ఆ విజయం పూర్తి కాదు. అక్కడ చదివిన వైద్యుడు నల్లబడుతున్న కాలివేలిని చూసి కట్టు మార్చి పంపకుండా, ముందుగా పాదంలో నాడి వెతికినప్పుడు దాని ఫలితం పల్లెకు అందినట్లవుతుంది. తొలి బ్యాచ్ హౌస్ సర్జన్లుగా బాధ్యతలు చేపట్టడానికి ఎంతో సమయం లేదు. ఈలోగా సన్నాహక తరగతులు, ఐచ్ఛిక పోస్టింగుల అనుసంధానం, పాద పరీక్షల ఏర్పాటుపై కళాశాల, విశ్వవిద్యాలయం, జిల్లా వైద్యారోగ్య శాఖ అధికారులు దృష్టి సారించాలని ప్రజలు ఆశిస్తున్నారు.